తోక లేని పిల్లి

పిల్లి బొమ్మ గీయమంటే మీరెలా గీస్తారు? ఒక పెద్ద సున్న, దాని మీద చిన్న సున్న, రెండు చెవులు, నాలుగు మీసాలు, చిట్టచివర వంపు తిరిగిన పొడుగాటి తోక. తోక పెట్టేదాకా అది పిల్లి అవునో కాదో చూసేవాళ్ళకు అనుమానమే! అయితే తోక పెట్టకపోయినా తప్పు పట్టని చోటు ఒకటి ఉన్నది.

ఇంగ్లండుకూ ఐర్లండుకూ నడుమ సముద్రంలో మాన్ అనే చిన్న ద్వీపం ఉన్నది. దాని పొడవు సుమారు 50 కిలోమీటర్లు, వెడల్పు 20 కిలోమీటర్లు. అక్కడ కనీసం రెండు వందల ఏళ్ళ నుంచి తోకలేని పిల్లులు పుడుతున్నాయి. వాటిని మాంక్స్ పిల్లులంటారు. 1970లో ఆ ద్వీపంవారు వేసిన క్రౌన్ నాణెం మీద ఈ పిల్లి బొమ్మే ఉన్నది.

తోక ఎలా పోయిందో చెప్పడానికి ఒక కథ ఉన్నది. పూర్వం జలప్రళయం వచ్చినప్పుడు నోవా అనే ఆయన పెద్ద ఓడ కట్టి, అందులోకి జంతువులను జంటలు జంటలుగా ఎక్కించాడట. పిల్లి మాత్రం ఎలుకను వేటాడుతూ ఆలస్యం చేసింది. తలుపు మూసే వేళకు పరుగున వచ్చి లోపల దూరింది గాని, తోక తలుపు సందున పడి తెగిపోయింది! ఇది పిల్లికీ కుందేలుకూ పుట్టిన జంతువని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. పిల్లికీ కుందేలుకూ కలిసి పిల్లలు పుట్టరు కనుక ఆ మాట వదిలేద్దాం.

నోవా కథలో ఒక మంచి ప్రశ్న దాగి ఉన్నది. తల్లి తోక తెగితే, పుట్టే పిల్లలకు తోక లేకుండా పోతుందా? ఆగస్ట్ వైస్మన్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు 1880 తరువాతి సంవత్సరాలలో దీన్ని పరీక్షించాడు. చిట్టెలుకల తోకలు కత్తిరించాడు. వాటికి పుట్టిన పిల్లల తోకలూ కత్తిరించాడు. ఇలా ఐదు తరాలు గడిచాయి. పుట్టిన పిల్లలు 901. ఒక్కదానికైనా తోక లోపించలేదు! నన్నడిగితే, అన్ని ఎలుకలను బాధపెట్టకుండా మన ఊళ్ళకు వచ్చి చూసినా సరిపోయేది. ఎన్ని తరాలుగా మనం చెవులు కుట్టిస్తున్నాం! ఏ పాపాయి అయినా చెవికి రంధ్రంతో పుట్టిందా?

మరి మాంక్స్ పిల్లి సంగతి ఏమిటి? ప్రాణి శరీరం ఎలా తయారు కావాలో తెలిపే సూచనలు దాని కణాలలోనే ఉంటాయి. వాటిని జన్యువులంటారు. ఒక్కొక్క సూచనకు రెండు ప్రతులు: తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి. వెన్నెముక ఏర్పడటానికి కావలసిన ఒక జన్యువు ఎప్పుడో ఒక పిల్లిలో మారిపోయింది. ద్వీపం చిన్నది, బయటి పిల్లులు వచ్చేది తక్కువ. అందుచేత ఆ మార్పు పిల్లల నుంచి పిల్లలకు అక్కడే వ్యాపించింది. 2013లో శాస్త్రజ్ఞులు ఆ జన్యువును గుర్తించారు. దాని పేరు బ్రాకీయూరీ. గ్రీకు భాషలో పొట్టి తోక అని అర్థం.

ఇప్పుడు రెండు రూపాయి కాసులు తీసుకోండి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. ఇద్దరూ తోకలేనివారే, ఇద్దరిలోనూ ఒక మారిన ప్రతి, ఒక మామూలు ప్రతి ఉన్నాయి. బొమ్మ పడితే పిల్లకు మారిన ప్రతి వచ్చినట్టు, బొరుసు పడితే మామూలు ప్రతి వచ్చినట్టు. కాసులు రెండూ కలిపి వందసార్లు ఎగరేసి రాసుకోండి. సుమారు 50 సార్లు ఒక బొమ్మ, ఒక బొరుసు పడతాయి. అవి తోకలేని పిల్లలు, పొట్టి తోక పిల్లలు. సుమారు 25 సార్లు రెండూ బొరుసులే. అవి మామూలు తోక పిల్లలు. మిగిలిన 25 సార్లు రెండూ బొమ్మలే. అప్పుడేమవుతుంది? ఆ పిల్ల పుట్టదు. తల్లి కడుపులోనే చనిపోతుంది.

పుట్టినవాటిలో కూడా కొన్నిటికి కష్టాలు తప్పవు. తోక దగ్గరి వెన్నుపూసలు సరిగా ఏర్పడకపోతే, వెన్నుపాము చివరనున్న నరాలు పాడవుతాయి. వెనుక కాళ్ళను, మూత్రకోశాన్ని, మలద్వారాన్ని నడిపించేవి ఆ నరాలే. అటువంటి పిల్లి సరిగా నడవలేదు, ఆపుకోలేదు. మీ వీధి పిల్లి తోకను గట్టిగా గుంజినా ఇవే నరాలు దెబ్బతినవచ్చు సుమా! దీపావళి నాడు తోకకు టపాకాయలు కట్టే గడుగ్గాయిలు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఆరోగ్యంగా ఉన్న మాంక్స్ పిల్లి చూడముచ్చటగా ఉంటుంది. తల గుండ్రం, కళ్ళు గుండ్రం, వీపు పొట్టి. వెనుక కాళ్ళు ముందు కాళ్ళకంటే పొడుగు కనుక, నడుం భాగం పైకి లేచి ఉంటుంది. కుందేలు కథ అందుకే పుట్టింది కాబోలు! ఒకే ఈతలో రకరకాల పిల్లలుంటాయి. తోక ఉండవలసిన చోట చిన్న గుంట మాత్రమే ఉన్నది రంపీ. కురచ తోకది స్టంపీ. దాదాపు మామూలు తోక ఉన్నది లాంగీ.

తోక లేకపోతే గోడ మీద నుంచి పడ్డప్పుడు కాళ్ళ మీద ఎలా నిలబడుతుందని మీరడగవచ్చు. నిలబడుతుంది! పిల్లి గాలిలో తిరిగేది ముఖ్యంగా నడుం మెలితిప్పి. ఎటియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, పడుతున్న పిల్లిని వరుసగా ఫోటోలు తీసి 1894లోనే ఆ మెలిక లోకానికి చూపించాడు.

ఇక స్వభావం. ఈ పిల్లి ఎలుకలను పట్టడంలో దిట్ట. ఇంట్లో ఉంటే మనిషిని అంటిపెట్టుకుని తిరుగుతుంది. చాలా మాంక్స్ పిల్లులు, విసిరిన వస్తువును కుక్కలాగా నోట కరచుకుని తిరిగి తెస్తాయి. కుక్కలాగా అన్నానని దానితో చెప్పకండి!

దీని బొచ్చు రెండు పొరలు, లోపల మెత్తనిది, పైన కాస్త బిరుసైనది. వారానికి రెండుసార్లు దువ్వితే చాలు. ఎత్తుకునేటప్పుడు మాత్రం ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనుక కాళ్ళ కింద ఉండాలి. తోక చోటును నొక్కకూడదు, తట్టకూడదు. మలమూత్రాలు సరిగా అవుతున్నాయో లేదో రోజూ గమనించాలి. ఏ తేడా కనిపించినా పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. ఏ పిల్లికైనా పాలూ అన్నమూ చాలవు. టారిన్ అనే పదార్థం ముఖ్యంగా మాంసంలో దొరుకుతుంది. అది లేకపోతే పిల్లి చూపు పోతుంది.

వెన్ను జబ్బు సాధారణంగా మొదటి కొద్ది నెలలలోనే బయటపడుతుంది. అందుచేత తెలిసిన పెంపకందారులు నాలుగు నెలలు నిండేదాకా పిల్లలను ఎవరికీ ఇవ్వరు. తోకలేనిదాన్ని తోకలేనిదానితో జత కట్టించరు. మళ్ళీ మీ కాసులు తీయండి: ఒక కాసుకు రెండు వైపులా బొరుసే ఉంటే, రెండు బొమ్మలు పడనే పడవు గదా! పిల్లుల ప్రదర్శనలలో పెద్ద బహుమతులు రంపీలకే పోతుంటాయి. నిండు తోకతో పుట్టిన వాటి తోబుట్టువును ఎవరూ తిరిగి చూడరు. కాని రెండు వైపులా బొరుసున్న కాసు అదే.