దారి తప్పనిచ్చు లోకము

అమీర్‌పేటలో గమ్యము లేక నడచు మనుష్యుడు మిక్కిలి అరుదు. మైత్రీవనము మొదలుకొని ఆదిత్య ఎన్‌క్లేవు వఱకు గోడలను, స్తంభములను, మెట్ల అంచులను సైతము విడువక కప్పివేసిన కోర్సుల ప్రకటనల క్రింద, భుజమున సంచియు చేత జిరాక్సు నోట్సును ధరించి ఒక డెమో క్లాసునుండి మఱియొక డెమో క్లాసునకు వేగిరపడు యువకులు గాని, ఎఱ్ఱ గీత, నీలి గీత అను రెండు మెట్రో మార్గములు కలసికొను ఆ ఉన్నతమైన స్టేషనులో దారి చూపు పలకల వంకనైన చూడక అలవాటు చొప్పున మెట్లెక్కుచు దిగుచు నుండు ఉద్యోగులు గాని, పోవలసిన తావు మునుముందే నిర్ణయింపబడి యుండగా నడచువారే. మెట్రోలో తరువాతి స్టేషనైన పంజగుట్ట సంగతియు ఇంతే. నిమ్స్ ఆసుపత్రికి పరుగిడు రోగుల బంధువులను, ద్వారకాపురి సాయిబాబా గుడిముందు గురువారమునాడు బారులు తీరు భక్తులను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఊరక తిరుగుట యనునది ఈ రెండు పేటలలోను ఒకవిధమైన అపరాధముగ ఎంచబడుచున్నది. ఆ ఊరక తిరుగుట కొఱకే జనులు డబ్బిచ్చి కొనుక్కొను కృత్రిమ ప్రపంచ మొకటి ఇటీవల నా కంటబడినది. దానిని గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ ప్రపంచమునకు ‘ఆబ్లివియన్’ అని పేరు. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమునకు చెందిన బెథెస్డా సంస్థవారు 1994లో ‘అరీనా’తో ఆరంభించిన ‘ఎల్డర్ స్క్రోల్స్’ అను వీడియో గేముల మాలికలో ఇది నాలుగవది. 2006 మార్చిలో మొదట వెలువడిన ఈ ఆట, పందొమ్మిది సంవత్సరముల పిమ్మట, 2025 ఏప్రిల్ 22న, ముందుగ ఏ దండోరాయు లేక, ప్రకటించిన దినముననే అంగడికిని వచ్చి, వర్చువోస్ అను సంస్థ చేతులమీదుగ క్రొత్త వెలుగును, క్రొత్త ముఖములను దాల్చినది. లోపల ఆటను నడుపు పాత యంత్రాంగము నట్లే యుంచి, కంటికి చూపు పనిని మాత్రము అన్‌రియల్ ఇంజిన్ 5కు అప్పగించినారు. పంజగుట్టలో అద్దెగది తీసికొని అమీర్‌పేటలో డేటా కోర్సు నేర్చుకొనుచున్న మా మేనల్లుడు, నూఱు గిగాబైట్లకు పైబడిన ఈ భారమును రాత్రికి రాత్రి డౌన్‌లోడు చేసి, కంట్రోలరు నా చేతబెట్టి, ఆడి చూడుమని కూర్చుండబెట్టెను.

ఆరంభమున మనము ఖైదీలము. ఏ నేరమునకు చెఱబడితిమో కథ చెప్పదు. మన కొట్టు గోడలో ఒక రహస్యమార్గము కలదట. హంతకుల బారినుండి తప్పించుకొనుచు వృద్ధచక్రవర్తి యూరియల్ సెప్టిమ్ ఆ మార్గమునకై అచటికే వచ్చి, మన ముఖమును స్వప్నమున చూచితినని పలికి, ఆవలి చీకటి సొరంగములలో ప్రాణములు కోల్పోవుటకు ముందు తన కంఠమందలి రాజపతకమును మన చేతనుంచి, దానిని జాఫ్రీ అను నాతనికి చేర్పుమని ఆజ్ఞాపించును. ఆ చక్రవర్తికి గాత్రదానము చేసినవాడు ప్రసిద్ధ ఆంగ్లనటుడు పాట్రిక్ స్టీవార్టు. ఆ గంభీరస్వరము మన చెవులలో నుండగనే ఆయన పాత్ర ముగిసిపోవుట కొంత విచారకరము. అంతవఱకు ఆట మనలను చేయిపట్టి నడపించును. మురుగుకాలువ చివర ఇనుప తలుపును త్రోసికొని వెలుపలికి వచ్చునప్పటికి ఎదుట విశాలమైన సరస్సు, ఆవలిగట్టున శిథిలమైన తెల్లరాతి మండపములు, వాని వెనుక అడవులతో నిండిన కొండలు. ఇచట ఆట మన చేయి విడుచును. చక్రవర్తి మరణించినాడు, నరకద్వారములు తెఱచుకొననున్నవి, సామ్రాజ్యమంతయు మన సంచిలోని పతకముపై ఆధారపడియున్నది. అయినను మనము గట్టు వెంబడి పూవులు కోసికొనుచు, పుట్టగొడుగు లేరుకొనుచు కాలక్షేపము చేసినచో అడుగు నాథుడు లేడు, ప్రళయము మన వీలు చూచుకొని ఓపికతో వేచియుండును. దీనిని కథాదోషమనువారు కలరు. నాకు మాత్రము ఈ దోషమే ఆటకు ప్రాణముగ తోచినది.

నేను పూవులు కోయుచుండుట చూచి మేనల్లుడు సహింపలేకపోయెను. “మామా, ఆ బాణం చూస్కుంట పో, జల్ది అయిపోతది” అనెను. తెరపై నొక దిక్సూచి కలదు. పోవలసిన చోటిని చూపుచు దానిపై నొక బాణపు గుర్తు సదా వెలుగుచుండును. అంతేకాదు, చుట్టుపట్ల గుహ గాని, కోట గాని, ఊరు గాని ఉన్నచో మనము చూడకమునుపే దాని గుర్తును ఆ దిక్సూచి చూపివేయును. పగలంతయు సిలబసు వెంట నడచినవానికి రాత్రి ఆటలోను సిలబసే ప్రియమగుటలో వింత లేదు గనుక వానిని నేను తప్పుపట్టను. కాని బాణమునకు వెన్నిచ్చి పోవుటచే నాకు కలిగిన లాభము తక్కువది కాదు. ఒక ఊరికి రాత్రివేళ చేరితిని, అంగడి మూసియున్నది. అంగడివాడు ఇంటికి పోయి భోజనము చేసి నిద్రించి, ఉదయమున మఱల తలుపు తీయును. ఈ లోకమున ప్రతి మనుష్యునికిని ఇట్టి దినచర్య యొకటి కలదు, మనము చూచుచున్నను చూడకున్నను అది సాగుచునే యుండును. దారిలో ఇరువురు పౌరులు ఎదురుపడి, పొంతన లేని మాటలు నాలుగు పలుకుకొని, బురదపీతల ప్రస్తావన యొకటి తెచ్చి, ఉన్నట్టుండి సెలవు తీసికొని చెఱియొక వైపు పోవుదురు. ఈ సంభాషణలు నవ్వు పుట్టించుననుట నిజము. ఇంత సొగసు చేసినవారు వీనిని సవరింపక విడిచిపెట్టినందుకు నేను వారికి కృతజ్ఞుడను.

గమ్యము వేచియుండగా దారిలోని వింతల వెంట పోవు ఈ కథనరీతికి మన భాషలో పూర్వులు లేకపోలేదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు పన్నెండు భాగములుగ రచించిన కాశీమజిలీ కథలలో, కాశికి పోవు మణిసిద్ధుడను యతి తనకు తోడుగ గోపుడను పసులకాపరి బాలుని వెంటబెట్టుకొనును. ఆ బాలుడు విధించిన నియమమొక్కటే: మజిలీ చేసిన చోటనెల్ల తాను తిరిగి చూచివచ్చిన వింతను గూర్చి అడిగినచో దాని కథ యతి చెప్పితీరవలెను. కాశి యెచటికిని పోదు; అది దూరమున నుండనే యుండును. విడిదిలో దిగినంతనే గోపుడు ఊరిమీద పడును. వాని కన్ను దేనిపై నిలుచునో దానినుండియే రాజకుమారులును, గంధర్వకాంతలును, శాపములును, శాపవిమోచనములును ఒకదాని వెంట నొకటి బయలుదేరును. ఆ గోపుని చేతికి దిక్సూచి నొకటి ఇచ్చి, ఈ ఊరిలో చూడదగిన వింత తూర్పువీధి చివరనున్నదని ముందుగనే చూపియుండినచో, ఆ పన్నెండు భాగములలో ఎన్ని భాగములు పుట్టియుండునో ఊహించుకొనవచ్చును. ‘చందమామ’లో 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన ధారావాహికలను, చిత్రా గీసిన బొమ్మలతో సహా నెలనెలా ఎదురుచూచి చదివిన తరమువారికి, ఈ ఆటలోని అడవులును మాంత్రికులును శిథిలదుర్గములును పరాయివిగ కనబడవు. మాతో పోల్చినచో ఈ విషయమున మేనల్లుని తరమే బీదది.

ఆ బాణము ఈ మాలికకు పుట్టుకతో వచ్చిన లక్షణముకూడ కాదు. ఆబ్లివియన్‌కు ముందటిదైన ‘మారోవిండ్’ 2002లో వెలువడినది. అందు పని చెప్పువాడు దారిని నోటితోనే చెప్పును. వంతెన దాటుము, రెండు త్రోవలు చీలిన చోట కొండవైపు తిరుగుము, సమాధి కనబడినచో మిక్కిలి దూరము వచ్చితివని తెలిసికొనుము అను ధోరణిలో. విన్నది మఱచినచో డైరీ తీసి చదువుకొనవలెను. మన అమీర్‌పేటలో చిరునామా చెప్పు పద్ధతి ఇదియే కదా! సత్యం థియేటరు పోయి, ఆ స్థలమున 2023లో క్రొత్త మల్టీప్లెక్సు వెలసినను, దారి చెప్పువారి నోట ‘సత్యం థియేటర్ సందు’ చెక్కుచెదరలేదు. అట్టి పద్ధతిని విడిచి, నాలుగేండ్లలోనే నిర్మాతలు బాణమును తెచ్చిరి. పైగా ముఖ్యనగరములన్నిటికిని మొదటినుండియే మ్యాపుపై వ్రేలు పెట్టి ఒక్క గంతులో చేరు సదుపాయమును గూడ కల్పించిరి. దీనివలన నష్టమేమో ఒక లెక్కతో చెప్పుదును. ఈ లోకపు విస్తీర్ణము పదునాఱు చదరపు మైళ్ళని నిర్మాతలు నాడు చెప్పుకొనిరి. అనగా సుమారు 41 చదరపు కిలోమీటర్లు, 2007లో ఏర్పడిననాటి బృహత్ హైదరాబాదు కార్పొరేషను 650 చదరపు కిలోమీటర్లలో పదునాఱవ వంతు. అంత చిన్న నేల ఒక మహాదేశమువలె భాసించుట నడచువాని కాళ్ళ మహిమ. గంతులు వేయువానికి మిగులునది దాటిపోయిన స్టేషన్ల పట్టిక.

బాణము లేనిదే జనులు కొనరను వాదమునకు 2022లో జపాను దేశపు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ సమాధానము చెప్పినది. వారి ‘ఎల్డెన్ రింగ్’లో చేయవలసిన పనుల పట్టికయే లేదు, విశ్రాంతిస్థలముల కడ ఒక వెలుగురేఖ దిక్కును మాత్రము సూచించి ఊరకుండును. ఆ ఆట మూడు వారములు నిండకమునుపే కోటి ఇరువది లక్షల ప్రతులు అమ్ముడుపోయినది.

ఆబ్లివియన్‌లో నాకు నిజముగ రుచింపనిది వేఱొకటి కలదు. ఇందు ఏ విద్య నభ్యసించినచో ఆ విద్యయే పెరుగును; దూకువాడు దూకి దూకి నేర్చును, ఔషధములు నూఱువాడు నూఱి నేర్చును. ఇంతవఱకు న్యాయమే. కాని మన స్థాయి పెరిగిన కొలది లోకమును మనతోబాటు పెరుగును. మేనల్లుడు మునుపు చాలదూరము ఆడి భద్రపఱచిన సేవ్‌ను తెఱచి చూచితిని. ఆరంభమున తోలుచొక్కాతో కనబడిన దారిదొంగ అచట రాజులకును దుర్లభమైన గాజుకవచము ధరించి, నూఱు నాణెముల కొఱకు మన దారి కడ్డము నిలిచియున్నాడు! ఆ కవచము నమ్ముకొన్నచో వాడు జన్మమంతయు సుఖముగ బ్రదుకవచ్చును. 2006 నుండియు ఆడువారు ఎత్తిపొడుచుచున్న ఈ లోపమును, స్థాయి లెక్కలను సవరించిన క్రొత్త నిర్మాతలు సైతము మూలమున కదపలేదు. మేనల్లుడు దీనికి ఇసుమంతయు ఆశ్చర్యపడలేదు. తాను ఒక కోర్సు ముగించునప్పటికి ఉద్యోగ ప్రకటనలో మఱి రెండు కోర్సుల పేర్లు చేరియుండుట చూచినవాడు గనుక, లోకధర్మమే యిట్టిదని వాని అభిప్రాయము. అమీర్‌పేటనుండి తప్పించుకొనుటకు ప్రవేశించిన లోకములో మఱల అమీర్‌పేటయే ఎదురగుట నాకు సమ్మతము కాదు. గుఱ్ఱమునకు తొడుగు కవచమును 2006లోనే రెండున్నర డాలర్లకు విడిగ అమ్మి లోకమున నవ్వులపాలైన సంస్థవారు, ఈ మాఱు గూడ హెచ్చువెల ప్రతిలో గుఱ్ఱపు కవచములను చేర్చిరనిన, వారికి సిగ్గు లేదనవలెనో, హాస్యప్రియత్వము కలదనవలెనో తేల్చుకొనజాలను.

ఇంటిలోని పెద్దలు దీనినంతయు కాలహరణమని త్రోసివేయుదురు. వారి భయమునకు కారణము లేకపోలేదు. సెల్‌ఫోనులో రమ్మీ యాడి అప్పులపాలైనవారి వార్తలు మన పత్రికలలో తఱచుగ చదివినదే. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించుటయు, 2025 ఆగస్టులో కేంద్రము డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటల నన్నిటిని నిషేధించు చట్టము చేయుటయు ఇట్టి ఆటలను గూర్చియే. ఆ చట్టమే పందెములేని ఆటలను వేఱుచేసి చూచుచుండగా పెద్దలు మాత్రము రెంటిని ఒకే గాట కట్టుట భావ్యము కాదు. ఒకటి ఆశ చూపి లాగును. రెండవది, సరిగ ఆడినచో, ఏ ఆశయు చూపక తిరుగనిచ్చును. ఇరువది రెండేండ్ల వయస్సున, తిరుగుటకు చోటు గాని, కారణము లేక తిరుగుటకు అనుమతి గాని లేని పేటలో నివసించువానికి, అట్టి సాయంకాలమొకటి అక్కఱలేదని నేను చెప్పజాలను.

ఇక కొనదలచినవారికి ఒక మాట. ఈ క్రొత్త ఆబ్లివియన్ హాస్టలు గదులలోని సామాన్య ల్యాప్‌టాపులకు లొంగదు. మంచి గ్రాఫిక్స్ కార్డు లేనిదే అడుగు కదపదు. అట్టి కార్డు లేనివారు మారోవిండ్‌ను తెచ్చుకొనుట మేలు. పాత యంత్రముపైనను నడచును, ఖరీదును స్వల్పము. మా మేనల్లుడు నా పోరు పడలేక దానిని మొదలుపెట్టి, బాల్మోరా అను ఊరిలో కేయస్ కొసేడెస్ అను నాతని యిల్లెచట అని కనబడినవారినెల్ల అడుగుచు తిరుగుచున్నాడు. ఇంటర్నెట్‌లో వెదకినచో క్షణములో తెలియునని వానికి తెలియును. ఇంతవఱకైతే వెదకలేదు.