బ్యాంకాక్ ఉద్యోగం.. నది దాటితే బందిఖానా

‘బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ. రూము, భోజనం ఫ్రీ. వీసా సంగతి మేం చూసుకుంటం తమ్మీ.’ ఇలాంటి మెసేజ్ మీ టెలిగ్రామ్‌కూ వచ్చే ఉంటుంది. నల్గొండలోనో పాలమూరులోనో డిగ్రీ ముగించి, నోటిఫికేషన్ల కోసం చూసీచూసీ విసిగినవాళ్లకు అది వరంలాగే కనిపిస్తుంది.

దిగాక ఏం జరుగుతుందో తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సాట్ దాకా కారులో తీసుకెళ్తారు. మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావాడీకి చేరుస్తారు. పాస్‌పోర్టు గుంజుకుంటారు. ఇక పనేంటంటే, నకిలీ ప్రొఫైళ్లతో జనాన్ని పెట్టుబడుల పేరిట ముంచడం. 2025 మార్చి 10, 11 తేదీల్లో మన ప్రభుత్వం వాయుసేన విమానాల్లో 549 మందిని వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలంగాణ యువకులూ ఉన్నారు. మయన్మార్‌లో కనీసం 1.2 లక్షల మంది ఇలా చిక్కుకొని ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2023లోనే చెప్పింది.

సైబర్ యుద్ధం అనగానే మనకు హ్యాకర్లు, దేశాల రహస్యాలు గుర్తొస్తాయి. మన జిల్లాల పిల్లలకు తగిలేది మాత్రం ఇదీ. ఇక్కడ చట్టం చేయి ఎంత దూరం పోతుంది? నేరం విదేశంలో జరిగినా, అందులో భారత్‌లోని కంప్యూటర్ ఉంటే ఐటీ చట్టం సెక్షన్ 75 ప్రకారం కేసు పెట్టొచ్చు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ నది ఒడ్డున పెత్తనం సాయుధ దళాలది. మన పోలీసులు లేఖ రాస్తే తీసుకునేదెవరు? 2024 డిసెంబర్ 24న ఐరాస సైబర్ నేరాలపై ఒప్పందాన్ని ఆమోదించింది. అయితే 40 దేశాలు ధ్రువీకరిస్తేనే అది అమల్లోకి వస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తిరిగొచ్చాక ఎదురయ్యే ప్రశ్న. ఆ కుర్రాడు బాధితుడా, నిందితుడా? బెదిరింపుల వల్ల చేసిన నేరానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 32 మినహాయింపు ఇస్తుంది. కాకపోతే అది తక్షణ ప్రాణభయం ఉంటేనే. ఆకలితో మాడ్చడం, కరెంటు షాకులు, గుంజుకున్న పాస్‌పోర్టు ఆ లెక్కలోకి వస్తాయా? పైగా తనంతట తానే ఆ పరిస్థితిలోకి వెళ్లినవారికి ఆ రక్షణ లేదు. ‘టికెట్ పట్టుకొని విమానం ఎక్కింది నువ్వే కదా’ అంటే ఏం జవాబు చెప్తాడు? మోసపోయి వెళ్లినవాళ్లను మొదట బాధితులుగానే చూడాలని స్పష్టమైన నిబంధన రావాలి.

ఒకప్పుడు పాలమూరు కూలీలు మేస్త్రీ అడ్వాన్సుకు కట్టుబడి దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టారు. ఆ వెట్టిని ఆపడానికి 1976లో చట్టం వచ్చింది. ఇప్పుడు గల్ఫ్‌కు వెళ్లే, పదో తరగతి పాసవని కూలీకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. పది పాసైతే చాలు, పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ అవుతుంది, ఆ తనిఖీ ఉండదు. అంటే చదువుకున్నవాడినే వ్యవస్థ చూడకుండా వదిలేస్తోంది. లైసెన్సు లేకుండా విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 నాటి చట్టంలో జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా రూ.2 వేలు, జైలు రెండేళ్ల దాకా. ఒక్కొక్కరి దగ్గర లక్షలు వసూలు చేసేవాడికి ఇదో లెక్కా! ఈ అంకె మారాలని మీ ఎంపీని అడగండి.

ఈలోగా, ఆఫర్ ఇచ్చిన ఏజెంటును రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. రిజిస్టరైన ఏజెంటు రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడా వాకబు చేయండి. ఇప్పటికే ఎవరైనా చిక్కుకుంటే వాళ్లింటివాళ్లు 1930కి ఫోన్ చేయాలి. ‘పోలీసులకు చెప్తే కేసు మనవాడి మీదికే వస్తదేమో’ అని ఆగిపోతున్న తల్లిదండ్రులకు ఆ నంబర్ మీరే కలిపివ్వండి.