పలాస పేరు కావాలి, ఉద్దానం పిక్క వద్దు

దీపావళి కానుక పెట్టెల మీద ఇప్పుడు కొత్త ముక్క ఒకటి కనిపిస్తోంది: ‘బాధ్యతాయుతంగా కొనుగోలు చేసినది’. పక్కన తలపాగా రైతు బొమ్మ, కింద ‘అసలైన పలాస జీడిపప్పు’. ఆ పెట్టె అమ్మే చిన్న కంపెనీ వాళ్లను ఒక్క మాట అడగండి. ఈ పప్పు ఏ ఊరి తోటది? అక్కుపల్లిదా, మందసదా, కవిటిదా? చాలామంది నోట జవాబు రాదు. ఎలా వస్తుంది? ఆ పిక్క ఐవరీ కోస్టులోనో మరో ఆఫ్రికా దేశంలోనో రాలి, ఓడెక్కి వచ్చి, పలాసలో తొక్క ఒలిపించుకుని, పలాస పేరు తగిలించుకుని ఉండొచ్చు. రైతు బొమ్మ వేయడానికి మాత్రం మనవాడు కావాల్సి వచ్చాడు.

ఆఫ్రికా పిక్క కొనడం నేరమని నేననను. చుట్టుపక్కల ఉన్న ఉద్దానం తోటల పంట ఒక్కటే పలాస ఫ్యాక్టరీలను ఏడాది పొడవునా నడపలేదు. దిగుమతి ఆగితే మొదట ఖాళీ అయ్యేది పీలింగ్ ఆడవాళ్ల చేతులే. నా కోపం వేరే చోట ఉంది. వేసవిలో మన తోటల్లో పిక్క రాలే వేళకు గోదాములోని విదేశీ సరుకును చూపించి ‘నీది లేకపోయినా మాకు గడుస్తుంది’ అంటూ ఇక్కడి రైతు ధర విరగ్గొడతారే, అక్కడ. ఆ బేరంలో పుట్టిన పప్పుకే తర్వాత బాధ్యత అనే ముద్ర పడుతుంది.

సర్కారు చేతులూ శుభ్రంగా లేవు. 2018 బడ్జెట్‌లో పచ్చి జీడి పిక్కల మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి రెండున్నర శాతానికి దించారు. మరుసటి ఏడాది జూన్‌లో, తయారైన పప్పు చవగ్గా వచ్చి ఇక్కడి వ్యాపారాన్ని ముంచకుండా కనీస దిగుమతి ధర పెంచారు: ముక్కకు కిలో 680 రూపాయలు, గుండు పప్పుకు 720. అంటే పప్పుకు గోడ కట్టారు, పిక్కకు గేటు తెరిచారు. అక్కుపల్లి వైపు కొబ్బరి, జీడి పక్కపక్కనే పెరుగుతాయి. ఎండు కొబ్బరికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. జీడి పిక్క ఆ జాబితాలో లేనే లేదు. ఏ దేశపు పిక్కను చూపించి మనవాళ్లను బెదిరిస్తున్నామో ఆ ఐవరీ కోస్టు ప్రభుత్వం ప్రతి సీజనుకూ తోట దగ్గర ఇవ్వాల్సిన కనీస ధర ప్రకటిస్తుంది. 2024లో కిలోకు 275 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు, 2025లో 425. అక్కడ అమలు ఎంత సవ్యంగా ఉందన్నది వేరే సంగతి. అంకె అంటూ ఒకటుంది, రైతు దాన్ని పట్టుకుని పోట్లాడగలడు. మన రైతు దేన్ని పట్టుకుని పోట్లాడాలి?

80 కిలోల బస్తాకు 16 వేలు ఇవ్వమని ఇక్కడి రైతు సంఘాలు ఏళ్లుగా రోడ్డెక్కుతున్నాయి. అంటే కిలో పిక్క రెండు వందలు. ఈ మాట అనగానే ఫ్యాక్టరీ యజమాని తల పట్టుకుంటాడు, ఆయన నటించడం లేదు. బస్తా పిక్కలు ఉడికించి, కోసి, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి, పొర తీస్తే చేతికొచ్చే పప్పు 20 కిలోలకు అటూ ఇటూ. పిక్క ఖరీదే కిలో పప్పుకు 800 పడుతుంది. కూలి, కరెంటు, వడ్డీ ఆపైన. రైతు, ఫ్యాక్టరీ ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటుంటే, పప్పు కొనే కంపెనీ మాత్రం విశాఖలోనో హైదరాబాదులోనో ఏసీ గదిలో కూర్చుని ఫ్యాక్టరీలను కొటేషన్లు అడుగుతుంది. ఎవడు తక్కువ రాస్తే వాడికే ఆర్డరు. ఆ కాగితం కిందనే బాధ్యతాయుత కొనుగోలు పాలసీ కూడా ఉంటుంది!

ఇక్కడ చిన్న లెక్క చెయ్యండి. బస్తాకు వెయ్యి రూపాయలు ఎక్కువిస్తే కిలో పప్పు మీద పడేది యాభై. పావుకిలో ప్యాకెట్టు మీద పన్నెండున్నర. పప్పు చుట్టూ చుట్టే బంగారు రంగు రిబ్బనుకూ అట్టపెట్టెకూ అంతకంటే ఎక్కువే పోస్తున్నారు. పన్నెండున్నర రూపాయలు భరించలేని బాధ్యతకు పాలసీ ఎందుకు, అచ్చు ఖర్చు దండగ.

‘మేం చిన్నవాళ్లం, ఇవన్నీ పెద్ద కంపెనీల పనులు’ అన్న సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నిజమే, 2013 కంపెనీల చట్టం సామాజిక బాధ్యత ఖర్చును తప్పనిసరి చేసింది 500 కోట్ల నికర విలువో, వెయ్యి కోట్ల టర్నోవరో, 5 కోట్ల లాభమో ఉన్నవాళ్లకే. కానీ ఇదే చిన్న కంపెనీ తనకు రావాల్సిన డబ్బు దగ్గర చట్టాన్ని బాగానే చదువుకుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు ఇవ్వాల్సిన బాకీ, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకూడదు. దాటితే కొనుగోలుదారుకు ఆ ఖర్చు చెల్లించే దాకా ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు రాకుండా ఇటీవల మెలిక కూడా పెట్టారు. మంచిదే. మరి తోట సాగు ఆ చట్టంలోకి రాదు. పిక్క ఇచ్చిన రైతుకు నలభై ఐదో రోజూ లేదు, తొంభయ్యో రోజూ లేదు. తనకు పైనుంచి రావాల్సిన దానికి గడువు కోరేవాడు, తాను కిందికి ఇవ్వాల్సిన దానికీ అదే గడువు రాసివ్వడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

ఉద్దానంలో ఈ గడువుకు ఇంకో అర్థముంది. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, సంతోషం. డయాలసిస్‌కు డబ్బు తీసుకోకపోయినా వారానికి రెండు మూడు సార్లు వెళ్లొచ్చే ఆటో కిరాయి ఎవరిస్తారు? తోడొచ్చినవాడి కూలి ఎవరిస్తారు? అందుకే పంట చెట్టు మీదుండగానే దళారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. తీసుకున్నాక బేరం ఏముంది, కాటా దగ్గర తరుగు ఎంత కోస్తే అంత.

ఇక ఆడవాళ్ల సంగతి. పాలసీ పత్రాల్లో వీళ్లకు ‘మహిళా సాధికారత’ అనే పేరా ఒకటి ఉంటుంది. గుల్లలోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. కటింగ్ దగ్గర వేళ్లు నల్లబడి పొరలు లేస్తాయి. పీలింగ్‌కు కూలి కిలోల లెక్కన. బద్దలైతే లెక్క మారుతుంది. ఫ్యాక్టరీని గుండు పప్పు రంగు గురించి పేజీలకు పేజీలు ప్రశ్నించే కొనుగోలుదారు చేతి తొడుగుల గురించి, పీఎఫ్ గురించి ఒక్క ప్రశ్న వేసి చూడమనండి. ధర పెంచకుండా ఆ ప్రశ్న వేస్తే మాత్రం అది పరమ దొంగతనం. ఎందుకంటే ఆ ఖర్చు మళ్లీ ఆ ఆడవాళ్ల కూలిలోంచే తీస్తారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్ని ఎక్కింది. కొబ్బరి, జీడి వేళ్లతో సహా లేచిపోయాయి. మళ్లీ నాటిన మొక్క సరైన కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. కావాల్సిన రోజుల్లో పలాస పేరు వాడుకున్న కంపెనీల్లో, ఆ మధ్య ఏళ్లలో అక్కుపల్లి దాకా వచ్చి ‘మీ రాబోయే పంట మేం కొంటాం, ధర ఇది’ అని కాగితం రాసిచ్చినవి ఎన్ని? చేతి వేళ్లు చాలవా లెక్కించడానికి? పెద్ద కంపెనీకి సరఫరాదారు ఎవరో తెలియదంటే నమ్మొచ్చు. పలాస బజారులో కూర్చున్న చిన్న కంపెనీకి తోట గంట ప్రయాణం కూడా కాదు.

కాబట్టి పాలసీ నాకొద్దు, సలహాదారు అచ్చువేసిన నినాదాలూ వద్దు. మార్చిలో మొదటి పిక్క రాలేలోపు కొనుగోలు కేంద్రం గోడ మీద మూడు విషయాలు పెద్దక్షరాలతో రాయండి: బస్తా ధర ఎంత, తరుగు ఎంత, డబ్బు ఏ తేదీన ఇస్తారు. ప్యాకెట్టు మీద పిక్క పుట్టిన దేశమో ఊరో వేయండి, ఐవరీ కోస్టైతే ఐవరీ కోస్టనే వేయండి. ఇది రాయలేని కంపెనీ ఆ పెట్టె మీది రైతు బొమ్మను వచ్చే దీపావళికి తీసేయాలి. తీయకపోతే కొనే మనమే ఆ పెట్టెను కౌంటరు మీద వెనక్కి నెట్టి, ఏ ఊరి పప్పో చెప్పమని గట్టిగా అడగాలి.