తలనొప్పియు, అమృతాంజనమును

కళకును వర్తకమునకును పొసగదని చెప్పవలసి వచ్చినప్పుడెల్ల తెలుగువారు పోతన శ్రీనాథుల కథను తలచుకొని, ఒకరిని హాలికునిగను, మరియొకరిని రాజాశ్రితునిగను నిలువబెట్టి, తీర్పు చెప్పితిమన్న తృప్తితో ఊరకుందురు. ఆ కథ మనకెంత ప్రియమైనదో ఈ విషయమున అంత నిరుపయోగమైనది. ఏలన రాజుల సొమ్ము తిన్నంత మాత్రమున శ్రీనాథుని సీసము కుంటువడలేదు. సాహిత్య పత్రికలను నడుపువారికి ఈ సంగతి ఇతరులకంటె బాగుగా తెలిసియుండవలెను. 1924లో వెలువడిన ‘భారతి’ దశాబ్దముల తరబడి కవులకును, కథకులకును, పరిశోధకులకును నిలువనీడ యయ్యెనన్న, దాని వెనుక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆరంభించిన అమృతాంజనము యొక్క రాబడి కలదు. పంతులుగారు దాతలే కాని, ముందు వర్తకులు. లాభము చూడనిచో దానము చేయుటకు వారివద్ద ఏమియు మిగిలియుండెడిది కాదు. అయినను, తమ పత్రికలోని పద్యము చదివినవారికి తలనొప్పి పుట్టవలెననియు, దానివలన మందు అమ్మకము హెచ్చవలెననియు వారు ఏ కవినిని కోరలేదు.

నేడు వీడియో గేములలో అధిక ధనార్జన చేయుచున్న పద్ధతి సరిగా ఆ కోరనిదానిని కోరుటయే. తలనొప్పిని ఆటలోనే పుట్టింతురు. మందును ఆటలోనే అమ్ముదురు.

2012లో కింగ్ అను సంస్థ వెలువరించిన క్యాండీ క్రష్ సాగాను తాతగారు మొదలు మనుమరాలి వరకు ఎవరో ఒకరు ఆడని ఇల్లు మనలో అరుదు. వెల లేదు, ఫోనులోనికి దించుకొనుటయే తడవు. ఒక రంగు మిఠాయిలు మూడు వరుసకు వచ్చిన చిట్లి మాయమగును, పైనున్నవి జారి క్రిందికి వచ్చును, ఆ జారుటలో మరి రెండు వరుసలు వాటంతటవే కుదిరిన కలుగు ఆనందము చిన్నదే యైనను బూటకము కాదు. కాని ఆడువానికి ఐదు ప్రాణములు మాత్రమే ఇత్తురు. ఓడినప్పుడెల్ల ఒకటి పోవును. ఐదును పోయిన పిమ్మట ఒక్కొక్క ప్రాణము మరలివచ్చుటకు అరగంట వేచియుండవలెను. వేచియుండ లేనివారు సొమ్ము చెల్లింపవచ్చును, కానిచో చుట్టములను స్నేహితులను ప్రాణభిక్ష యడుగవచ్చును. ఒకప్పుడు ఫేస్‌బుక్కులో ఆ భిక్షాపాత్ర చాపబడని పరిచితుడు లేడు. ఈ అరగంట ఎవరి కొరకు? నాటకమున అంకమునకును అంకమునకును నడుమ తెరపడుట రసపోషణకు. గాయకుడు తంబురా సరిచూచుకొనుటకై ఆగుట పాట కొరకు. ఇచ్చటి నిరీక్షణము ఆటలో భాగము కాదు, సరుకు. దానిని తయారుచేసినది దానిని తొలగించుటకు వెల కట్టవలెననియే. ఇట్టి ఉచిత గేములను నిర్మించుచోట నేర్పరులైన చిత్రకారులు లేకపోలేదు, సంగీతజ్ఞులు లేకపోలేదు. కాని ఒక మెట్టు ఎంత కఠినముగ నుండవలెనను ప్రశ్నకు ఉత్తరము వారి రసజ్ఞతనుండి మాత్రమే రాదు, ఎన్నవ ఓటమివద్ద ఎందరు చేయి జేబులో పెట్టుదురను లెక్కనుండియు వచ్చును.

ఉచితముగ నిచ్చువారు ఎచ్చటనో ఒకచోట సొమ్ము రాబట్టుకొనక తప్పునా యని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. కాని 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ విడుదల చేసిన స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 ఉచితము కాదు, దాని వెల 60 డాలర్లు. అంత వెలపెట్టి కొనినవాడు ల్యూక్ స్కైవాకరును గాని డార్త్ వేడరును గాని వెంటనే ఆడించుటకు వీలులేదు. ఆ ప్రధాన పాత్రలు తాళము వేసి యుంచబడినవి. వానిని విడిపించుకొనుటకు గంటల తరబడి చాకిరీవంటి ఆట ఆడవలెను. యుద్ధమున పైచేయి నిచ్చు శక్తులు సొమ్ముపెట్టి కొనదగిన ‘లూట్ బాక్సు’లలో నుండెడివి, పెట్టె తెరచువరకు లోపల ఏమున్నదో తెలియదు. మార్కెట్టులోనికి వచ్చుటకు ముందే లేచిన నిరసనకు జడిసి సంస్థ వెలలు తగ్గించెను. తగ్గింపు చాలక, విడుదలకు ముందుదినమున లోపలి అమ్మకమునే నిలిపివేసెను. మరుసటి సంవత్సరము బెల్జియము దేశపు అధికారులు ఇట్టి పెట్టెలు జూదమే యని తేల్చిరి. పుస్తకము కొని తెచ్చుకొన్న పాఠకునితో నాయకుడు ఏడవ ప్రకరణమున తాళము వేయబడి యున్నాడని చెప్పిన ప్రచురణకర్త ఇంతవరకు మన భాషలో పుట్టలేదు. పుట్టకుండుగాక.

ఇచ్చట ఒక ఆక్షేపణను దాటవేయరాదు. వీడియో గేముల వ్యాపారము జన్మించినదే నాణెము చీలికయొద్ద. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్సు, 1980లో జపానునందు తోరు ఇవతాని కల్పించిన ప్యాక్‌మ్యాను, ఇవన్నియు నాణెము వేసి యాడు యంత్రములే. ఆడువాడు త్వరగా ఓడి, మరియొక నాణెము వేయవలెనన్న గణితము వాని కల్పనలోనే కలదు. కావున పూర్వము కళ నిర్మలముగ నుండెననియు నేడు మలినమయ్యెననియు విలపించుట చరిత్ర తెలియనితనము. అయినను భేదము కలదు, అది చిన్నది కాదు. ఆ యంత్రముల యెదుట నేర్పే నాణెమునకు విరుగుడు. ప్యాక్‌మ్యాను దారులు కంఠస్థము చేసినవాడు ఒక్క నాణెముతో గంటల కొలది ఆడుచుండ దుకాణదారు చేయగలిగినది లేదు. నేటి నిరీక్షణమునకు నేర్పు విరుగుడు కాదు, డబ్బే విరుగుడు. ఆటగాని ప్రజ్ఞను వర్తకుడు ఆటనుండి తప్పించివేసినాడు.

కర్తను తప్పించుట అంతకు ముందే జరిగినది. 1976లో వార్నర్ సంస్థ చేతికి చిక్కిన అటారీ కంపెనీలో ఒక్కొక్క గేమును ఒక్కొక్క ప్రోగ్రామరు, కథయు, బొమ్మయు, ధ్వనియు, గణనయు తానే యై, నెలల తరబడి నిర్మించుచుండెడివాడు. కాట్రిడ్జి పెట్టెమీద అతని పేరుండదు. అమ్మకములో వాటాయు లేదు. వారెన్ రాబినెట్ అను యువకుడు ‘అడ్వెంచర్’ అను గేము చేయుచు దీనికొక ఉపాయము పన్నెను. నల్లకోట లోపలి చిక్కుదారులలో, నేల రంగులోనే కలిసిపోయి కంటి కానని ఒక చుక్క నుంచెను. దానిని తడవుకొని పట్టి, ఒక నడవ చివరి గోడవరకు మోసికొనిపోయినవాడు గోడ దాటి ఎవరును చూడని గదిలోనికి ప్రవేశించును. అచ్చట రంగులు మారుచు నిలువుగ వ్రాయబడి యున్నది కర్త పేరు. పై అధికారులకు గాని తోటివారికి గాని ఒక్క మాటయైన చెప్పక రాబినెట్ 1979లో ఉద్యోగము మానివేసెను. గేము 1980లో అంగళ్లకు వచ్చెను. ఒక బాలుడు ఆ గదిని కనుగొని కంపెనీకి ఉత్తరము వ్రాసినప్పుడు గాని రహస్యము బయటపడలేదు. అప్పటికి చిప్పులను మరల అచ్చు వేయించుట మిక్కిలి వ్యయసాధ్యమయ్యెను గనుక పేరు అచ్చటనే నిలిచినది.

ఆశ్వాసము ముగియగానే తన వంశమును, గురువును, కృతిని పేర్కొని గద్య చెప్పుకొనిన కవుల వారసులము, చరణమున ముద్ర లేనిదే పదము ముగింపని వాగ్గేయకారుల వారసులము. మనకు ఈ రాబినెట్ పడిన బాధ వివరింప నక్కరలేదు. అతడు కోరినది ధనము కాదు, ఆశ్వాసాంత గద్య.

అదే 1979లో నలుగురు ప్రోగ్రామర్లు అటారీని విడిచిపోయి ఆక్టివిజన్ అను సంస్థను స్థాపించిరి. కర్త పేరు ప్రకటించుట ఆ సంస్థ పుట్టుకకు ముఖ్యకారణము. ఆట వెంట వచ్చు చిన్న పుస్తకమున కర్త ఛాయాచిత్రమును, అతడిచ్చు సలహాలును అచ్చు వేసెడివారు. డేవిడ్ క్రేన్ చేసిన ‘పిట్‌ఫాల్’ 1982లో వచ్చి విశేషముగ అమ్ముడయ్యెను. పేరు చెప్పుకొనుటవలన వ్యాపారము చెడదని ఋజువైనది. చెడినది అటారీకే: ఆ సంవత్సరము క్రిస్మసు అమ్మకములకు అందవలెనని ఐదు వారముల గడువిచ్చి ఇ.టి. సినిమాకు గేము చేయించి, అమ్ముడుపోని సరుకును 1983లో న్యూమెక్సికోలోని అలమగోర్డోవద్ద చెత్తగుంటలో పూడ్చెను. 2014లో త్రవ్విచూడగ కాట్రిడ్జిలు నిజముగనే దొరికినవి. ఇంతవరకు కథ నీతికథవలె నున్నది. కాని కర్తల గౌరవము కొరకు పుట్టిన ఆ ఆక్టివిజనే, యజమానులు మారి, విలీనములు జరిగి, 2016లో 590 కోట్ల డాలర్లు వెచ్చించి కొనిన సంస్థ ఏది యనుకొన్నారు? పైన చెప్పిన కింగ్. ఐదు ప్రాణముల అరగంటను కొనినది. 2023లో ఈ మొత్తమును మైక్రోసాఫ్టు కొనినది. ఇందులో దుర్మార్గుని వెదకుట వ్యర్థము. వాటాదారునికి చుక్కలో దాగిన పేరుకంటె అరగంట లాభసాటి యని లెక్క తేలినది, అంతియే.

ఇట్టి లెక్కపైననే నడుచు అంతర్జాల వీడియోల సంగతి దీర్ఘముగ చర్చింప నక్కరలేదు, పాఠకులు ప్రతిదినము చూచుచున్నదే. యూట్యూబు 2012లో ఎందరు చూచిరన్న లెక్కకు బదులు ఎంతసేపు చూచిరన్న లెక్కకు ప్రాధాన్యమిచ్చెను. నడుమ ప్రకటనలు పెట్టుకొనుటకు పూర్వము పది నిమిషముల నిడివి కావలసియుండగ 2020లో దానిని ఎనిమిదికి తగ్గించెను. దాని ఫలితము పులిహోర చేయు విధము చూపు వీడియోలో తెలియును: చింతపండు నానబెట్టుటకు ముందే రెండు నిమిషములు కుశలప్రశ్నలు, పోపులో ఆవాలు చిటపటలాడుట ఆరవ నిమిషమున. వంట తెలిసిన ఆ ఇల్లాలిని నిందింపరాదు. ఆమెకు సమయపాలన తెలియకకాదు, తెలిసియే. ఇక వారపత్రికలలో సీరియలు నడిపి, నాయికను కొండకొమ్మున నిలిపి, వచ్చేవారము దాక పాఠకుని తిప్పలు పెట్టిన మన సంపాదకులకు ఈ విషయమున గట్టిగ మాటాడు అధికారము కొంచెము తక్కువ.

మరియొక మార్గము లేదా యన్న, ఉన్నది, కష్టమైనది. సియాటిల్ నగరమున ఎరిక్ బరోన్ అను యువకుడు, చదువు ముగిసి ఉద్యోగము దొరకక, సాయంకాలములందు ఒక నాటకశాలలో ప్రేక్షకులకు సీట్లు చూపు కొలువు చేయుచు, సహచరి సంపాదన ఆసరాగ, నాలుగేండ్లకు పైగ ఒంటరిగ శ్రమించి ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని నిర్మించెను. పల్లెలో తాతగారు విడిచిన పొలమును సాగుచేసికొనుట అందలి కథ. పాత్రల ముఖచిత్రములను తృప్తి కలుగువరకు పదేపదే చెరిపి గీచెనట. 2016లో 15 డాలర్ల వెలకు విడుదల చేసెను. అప్పటినుండి చేర్చిన కొత్త భాగములకు, 2024లో వచ్చిన పెద్ద భాగమునకును, మరి యొక్క సెంటు అడుగలేదు. ప్రతులు కోట్ల సంఖ్యలో అమ్ముడయ్యెను, అతడు ధనవంతుడయ్యెను. అతనివలె ఏండ్లు ధారపోసి, ఎవరికిని తెలియక మిగిలిపోయినవారు ఎందరో యుందురు గనుక దీనిని ఆదర్శమని అందరికి బోధించుట క్రూరము. వెల వాకిటివద్ద తీసికొని లోపల చేయి చాపకుండుటకు వ్యాపారశాస్త్రము అడ్డురాదని మాత్రము దీనివలన తెలియును.

మన ప్రాంతమునకు ఈ చర్చతో ఒక విచిత్ర బంధము కలదు. అంతర్జాలమున సొమ్ము పెట్టి రమ్మీ ఆడించిన కంపెనీలు ఏండ్ల తరబడి తమకు రక్షణగ చూపినది, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానముగ నేర్పుతో కూడిన ఆటయని సుప్రీంకోర్టు చెప్పిన 1967 నాటి తీర్పును. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను అట్టి ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. అప్పులపాలై చెడిన కుటుంబములను చూచినవారు దానిని హర్షింతురు, మేమును హర్షింతుము. కాని చట్టము పందెమును చూడగలదు; ఆట బాగున్నదా, ఆటగానిని మనిషిగ చూచినదా యని చూచు పని చట్టముది కాదు, విమర్శకునిది. ఆ పని తెలుగులో ఇంకను ఆరంభము కాలేదు. పద్యనాటకము మొదలు సినిమావరకు సమీక్షించిన పత్రికలు మన పిల్లలు చాల కాలము గడుపు కళారూపమును గూర్చి, కంటిచూపు చెడునన్న వైద్యుని హెచ్చరిక తప్ప, ఒక్క వాక్యము వ్రాయుట అరుదు.

రాబోవు సంచికనుండి ఈ పత్రికలో పుస్తక సమీక్షల సరసనే గేముల సమీక్షకు రెండు పుటలు కేటాయించుచున్నాము. ఆడినవారు, ముఖ్యముగ హైదరాబాదు స్టూడియోలలో విదేశపు గేములకు బొమ్మలు గీచుచు, ప్రోగ్రాములు వ్రాయుచు పేరు కానరానివారు, వ్రాసి పంపవలెనని ప్రార్థన. పుస్తకమునకు వేయునట్లే సమీక్ష తలపై ఆట పేరు, కర్తల పేర్లు, వెల వేయవలెను. వాని క్రిందనే, లోపల మరల సొమ్మడుగునో లేదో, అడిగిన దేనికడుగునో తప్పక తెలుపవలెను.