సంఘం సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఏం అడగాలి?

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఇప్పుడు సభ్యుల ఆధార్, బ్యాంకు ఖాతా, సర్వే నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాయి. వీటిని దొంగిలించే పాత పద్ధతి ఒకటి ఇంకా నడుస్తోంది. అదే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్.

పేరు రాసే గడిలో దొంగ పేరుకు బదులు 'అందరి వివరాలూ చూపు' అనే అర్థం వచ్చే ఆదేశం రాస్తాడు. సాఫ్ట్‌వేర్ సరిగా రాయకపోతే డేటాబేస్ ఆ మాట వినేస్తుంది.

2015లో బ్రిటన్‌లోని టాక్‌టాక్ టెలికాం కంపెనీలో ఇలాగే 1,56,959 మంది వివరాలు పోయాయి. అందులో 15,656 మంది బ్యాంకు ఖాతా వివరాలూ ఉన్నాయి. తాను కొన్న మరో సంస్థ నుంచి వచ్చిన పాత వెబ్ పేజీలను కంపెనీ పట్టించుకోలేదు. దొంగలు వాటి గుండానే వచ్చారు. 2016లో 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా భద్రత బాధ్యతను వివరాలు సేకరించే సంస్థపైనే పెట్టింది. సాఫ్ట్‌వేర్ పని బయటివారికి అప్పగించినా ఆ బాధ్యత తప్పదు. కాబట్టి మీ సంఘం సమావేశంలో ఇవి అడగండి:

• పారామీటరైజ్డ్ క్వెరీలు వాడారా? వాడితే గడిలో ఏం రాసినా డేటాబేస్ దాన్ని ఆదేశంగా తీసుకోదు. ఈ హామీని ఒప్పందంలో రాయించండి.
• వాడని పాత పేజీలు తీసేశారా? అప్‌డేట్లు ఎవరు వేస్తారు?
• ఈ పనికి ఆధార్ నంబరు నిజంగా అవసరమా? మన దగ్గర లేని వివరాన్ని ఎవరూ దొంగిలించలేరు.

సభ్యులు పాస్‌వర్డ్ మార్చుకున్నంత మాత్రాన ఈ దారి మూసుకోదు. సాఫ్ట్‌వేర్ రాసినవారే మూయాలి. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.