మూసీ నీటిలో మందుల అవశేషాలు: తోకకప్ప చెబుతున్నదేంటి?

వానలు పడితే హాలియా వరి మడుల్లో తోకకప్పలు కనిపిస్తాయి. పల్చటి చర్మం, నీటిలోనే ఎదుగుదల. అందుకే నీరు చెడితే ముందుగా దెబ్బతినేది అవే.

ఏం తేలింది?
పటాన్‌చెరులో సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం ఉంది. శుద్ధి తర్వాత వదిలిన నీటిలోనూ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో వెల్లడించారు. మాత్ర వేసుకున్నప్పుడు మన రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. అక్కడి నీటినే 0.2 శాతానికి పలుచన చేసి తోకకప్పలను పెంచితే ఎదుగుదల 40 శాతం తగ్గిందని 2009లో మరో అధ్యయనం తేల్చింది. అంటే వెయ్యి లీటర్లలో రెండు లీటర్లు! అయితే ఆ నీటిలో చాలా రసాయనాలున్నాయి కాబట్టి తప్పంతా యాంటీబయాటిక్స్‌దే అనలేం.

మనకేంటి సంబంధం?
పటాన్‌చెరు వ్యర్థజలాలను తర్వాత పైపులైను ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నీరు చేరేది మూసీలోకే. ఆ మూసీ సూర్యాపేట ప్రాంత ఆయకట్టును తడిపి, మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. హాలియాకు వచ్చేది సాగర్ ఎడమ కాలువ నీరు కాబట్టి ఈ ముప్పు నేరుగా లేదు.

నిబంధనలున్నాయా?
పరిశ్రమలు వదిలే నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చినా, అవి చట్టం కాదు. ఇదే అసలు లోపం: పరిమితి లేకపోతే ఉల్లంఘన అనే మాటే ఉండదు. దెబ్బ కప్పలతో ఆగదు; అలాంటి నీటిలో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది.

మీరేం చేయొచ్చు?
• మిగిలిన యాంటీబయాటిక్స్‌ను సింకులో, మోరీలో పారేయకండి. డాక్టర్ రాయకుండా కొనకండి.
• మూసీ నీటిలో యాంటీబయాటిక్స్‌ను కొలుస్తున్నారా, కొలిస్తే ఫలితాలేంటి అని కాలుష్య నియంత్రణ మండలిని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘కొలవడం లేదు’ అన్నా అది కూడా జవాబే. దాన్ని మీ ఎమ్మెల్యే ముందు పెట్టండి.