గీతలు తీసేస్తే ఆట అర్థమవుతుందా?

తెరమీది గీతలు, అంకెలు ఫుట్‌బాల్‌ను పాడుచేస్తున్నాయన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 2022 ప్రపంచకప్‌లో స్పెయిన్‌పై జపాన్ కొట్టిన రెండో గోల్‌నే తీసుకోండి. పక్కనుంచి చూపిన దృశ్యంలో గోల్‌కు ముందే బంతి బయటికి పోయినట్టు కనిపించింది. టీవీ నిపుణులు కొందరు అలాగే వాదించారు. కానీ నిబంధన ప్రకారం బంతి మొత్తం గీత దాటాలి. పైనుంచి తీసిన చిత్రంలో దాని అంచు ఇంకా గీత మీదే ఉంది. ఆ చిత్రం అప్పుడే చూపించి ఉంటే అంత రభస జరిగేదే కాదు.

ఆ మ్యాచ్‌లో 20 శాతం సమయం కూడా బంతి జపాన్ దగ్గర లేదు. అయినా 2-1తో గెలిచింది. ఎలాగో చెప్పకుండా అంకె వేసి వదిలేస్తే తప్పు విశ్లేషకుడిది. స్కై స్పోర్ట్స్ ఛానల్‌లో విశ్లేషకులు గ్యారీ నెవిల్, జేమీ క్యారగర్ దృశ్యాన్ని ఆపి, డిఫెండర్ల మధ్య ఖాళీ ఎలా ఏర్పడిందో తెరమీద గీసి చూపిస్తారు. గీతలే వద్దంటే అది ఎలా చెబుతారు?

– ఒక ఫుట్‌బాల్ అభిమాని, వరంగల్